పేర్లు పిలిచే పని

ముషిన్, లేగోస్
మంగళవారం

అబెకే అక్కా,

మీ ఇంట్లో అందరూ కులాసా అనుకుంటాను. నీ నీలిమందు కుండల్లో వాననీళ్ళు పడలేదు కదా. ఇక్కడ మేమూ బాగానే ఉన్నాం. ఇలా రాయడం అలవాటైపోయింది, కొట్టేయడానికి బద్ధకమేసి వదిలేస్తున్నాను.

ఒక మాట చెప్పాలని మొదలుపెట్టాను. ఈ నెలాఖరు శనివారం ఇజెబు ఓడెలో పెద్ద కచేరీ ఉంది. తొంభై ఏళ్ళు దాటిన ముసలాయన పోయాడు, పండగలా సాగనంపుతున్నారు. పిల్లలంతా కలిగినవాళ్ళు, చుట్టాలందరికీ ఒకే రంగు బట్ట కొని పంచుతున్నారట. అది పాడేసి, సోమవారం పొద్దున బస్సెక్కి నీ దగ్గరికి వచ్చేస్తాను. చూసి పోవడానికి కాదు, ఉండిపోవడానికి. నీ పక్క గది ఎవరికీ అద్దెకివ్వకు. బట్టకి పిండి పూసి రంగులో ముంచడం అమ్మ దగ్గర నేర్చుకున్నదేగా, చేతులు మర్చిపోయి ఉండవు. పాట మానేస్తాను. ఆయన్ని కూడా.

అకాన్బికి ఇంకా తెలియదు. ఆ మరుసటి వారం రికార్డు కంపెనీ వాళ్ళు మా ఇద్దరి చేతా కొత్త ఒప్పందం మీద సంతకాలు చేయిస్తారట. మా మేనేజరు సుబేరు గారు కాళ్ళు నేల మీద ఆనకుండా తిరుగుతున్నాడు. "ఇయా రొలాకే, ఈసారి మీ ఇద్దరి మొహాలూ లండన్లో కూడా అమ్ముడుపోతాయి" అన్నాడు నిన్న. మొహాలు అమ్ముడుపోవడమేమిటి, మేకల్లాగా, అనుకున్నాను. పైకి మాత్రం నవ్వాను. నవ్వడం నాకిప్పుడు చాలా సులువు, లోపల ఏదీ అడ్డం రాదు.

మా పేరు సంగతి నీకు తెలిసిందే. పిల్ల పుట్టగానే వీధివీధంతా రొలాకే నాన్న, రొలాకే అమ్మ అంటూ మమ్మల్ని బాబా రొలాకే, ఇయా రొలాకే అనడం మొదలుపెట్టింది. మొదటి క్యాసెట్ మీద అదే వేయించాం. వేరే పేరు పెట్టాలన్న ఆలోచన కూడా రాలేదు, అంత సంబరంగా ఉండేవాళ్ళం. ఇప్పుడు ఆ పేరు ఇక్కణ్ణించి ఇబాదాన్ దాకా గోడగోడకీ ఉంది. చేపలమ్మే ఆవిడ నుంచి ట్రాఫిక్ పోలీసు దాకా అందరూ నన్ను దాని పేరుతోనే పిలుస్తారు. పుండు మీద కారం అంటారే, అదేమీ కాదక్కా. కారం చల్లితే మంటైనా పుట్టాలిగా.

రొలాకే సంగతి జరిగి ఏడాది నిండింది. చిన్నవాళ్ళ మట్టి కన్నవాళ్ళు చూడకూడదని ఆయన పినతండ్రి కొడుకులే తీసుకెళ్ళారు. ఎక్కడ పెట్టారో చెప్పలేదు, చెప్పకూడదు, నేనూ అడగలేదు. ఆ శనివారం ఒప్పుకున్న పెళ్ళి ఉంటే వెళ్ళి పాడాం. పెళ్ళికూతురు నా కాళ్ళకి మొక్కింది. అప్పటి నుంచి నాకు ఏడుపు రాలేదు. ఉల్లిపాయలు తరిగినా రావడం లేదు.

గది సంగతి మర్చిపోకు.

నీ చెల్లెలు,
ఇబిదున్


ముషిన్
గురువారం

అక్కా,

నీ జవాబు బస్సు డ్రైవరు చేత అందింది. తిట్టావు. తిట్లు కూడా నీ చేతిరాతలో ముద్దుగానే ఉన్నాయి. "మొగాడి ఏడుపు బయటికి కనబడదే, పిచ్చిదానా. ఇంకొకర్ని కను, అన్నీ సర్దుకుంటాయి" అని రాశావు. ఆయన తల్లి కూడా అచ్చం ఇదే అంది. మీరిద్దరూ కూడబలుక్కున్నారేమోనని అనుమానం వచ్చింది.

కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందని ఇన్నాళ్ళూ నీకు కూడా చెప్పలేదు. ఇప్పుడు చెబుతాను, విని నువ్వే తేల్చు.

ఈస్టర్ ముందు మమ్మల్ని టెలివిజన్ వాళ్ళు పిలిచారు. మంచి సోఫా మీద కూర్చోబెట్టారు. అడిగే అమ్మాయి కొత్తది, మంచిది, దానికేం తెలియదు. ఎలా కలిశారు, పాటలెవరు కడతారు, ఇంట్లో దెబ్బలాడుకుంటారా అని అన్నీ అడిగింది. ఆయన ఎప్పట్లాగే అందర్నీ నవ్వించాడు. "దెబ్బలాడుకుంటాం, కానీ ఈవిడ తిట్టేది కూడా రాగంలోనే, అందుకని పక్కింటివాళ్ళు చప్పట్లు కొడతారు" అన్నాడు. అప్పుడా అమ్మాయి, "మరి మనందరి ముద్దుల రొలాకే ఎలా ఉంది?" అంది.

నేను ఆయన వైపు చూశాను. ఒక్క క్షణం కూడా తడుముకోలేదు. "బంగారంలా ఉంది. బడికి పోతోంది. మా ఇద్దరికంటే దాని గొంతే పెద్దది" అన్నాడు.

కెమెరా నా మొహం మీదికి తిప్పారు. నేను తలూపాను.

బయటికి వచ్చాక సుబేరు గారు ఆయన భుజం తట్టి, "బాగా కాచావు బాబా. బిడ్డ లేదని తెలిస్తే మనల్ని ఒక్క పెళ్ళికీ పిలవరు, అపశకునం అంటారు" అన్నాడు. ఆయన కారెక్కాక గిటారు తీగ సరిచేసుకుంటూ కూర్చున్నాడు. ఇంటికొచ్చి ఈబా పెడితే తిన్నాడు. ఆ రాత్రి కాదు, ఆ మర్నాడు కాదు, ఈ రోజు దాకా దాని పేరు మా ఇంట్లో మళ్ళీ వినబడలేదు. స్టేజీ మీద "మా ఇయా రొలాకే" అని నన్ను జనానికి చూపిస్తాడు. ఇంట్లో నన్ను ఏమనీ పిలవడు. ఉప్పు కావాలంటే ఉప్పు వైపు చూస్తాడు.

ఆయన చెడ్డవాడని నేననడం లేదు. కానీ దేశం మొత్తానికి నా బిడ్డ బడికి పోతోందని చెప్పినవాడి పక్కన నిలబడి ప్రేమపాటలు ఎలా పాడనక్కా? బతికుందని వాళ్ళు అనుకుంటున్నారు. ఇంట్లో అసలు పుట్టనే లేదన్నట్టుంది. మరి నేనెవర్ని?

సోమవారం మధ్యాహ్నానికి చేరతాను. మోటారు పార్కు దగ్గరికి రా, పెట్టె బరువుగా ఉంటుంది.

ఇబిదున్


ముషిన్
బుధవారం

అబెకే అక్కా,

సోమవారం నువ్వు మోటారు పార్కులో నిలబడి నిలబడి నన్ను పదితరాల దాకా తిట్టి ఉంటావు. తిట్టు. ముందు ఇది చదివి తిట్టు.

నీకు తెలుసుగా, కచేరీలో పాట ఎత్తుకునేది ఆయన, పేర్లు పిలిచేది నేను. పోయిన పెద్దాయన కొడుకుల్నీ కూతుళ్ళనీ పెద్ద నుంచి చిన్న దాకా వరసగా పేరు పెట్టి పొగడాలి. పిలిచినవాళ్ళు పిలిచినట్టు వాళ్ళవాళ్ళతో ఆడుతూ ముందుకొచ్చి, మా నుదుటి మీద నోట్లు అంటించాలి. వరస తప్పితే వినేవాళ్ళు ఊరుకోరు. అందుకని ముందే వెళ్ళి ఆ ఇంట్లో ఎవరో ఒకరిని అడిగి పేర్లు నోటికి పట్టించుకుంటాను. ఎవర్ని అడగాలి? పెద్దకొడుకుని. నేను వంటపెరట్లో గుమ్మడిగింజలు ఒలుస్తున్న ముసలామెని అడిగాను, పోయినాయన చెల్లెలట. పెద్దకొడుకు దాకా వెళ్ళే ఓపిక లేక. ఆవిడ గింజలు ఒలుస్తూనే గడగడా చెప్పింది. నేను వల్లెవేసుకున్నాను. బతికున్నవాళ్ళవి మాత్రమే చెప్పండి అనలేదు. ఆ మాట ఎవరికీ చెప్పక్కర్లేదు, చచ్చిన చిన్నవాళ్ళ పేరు ఏ ఇంట్లోనూ ఎవరూ ఎత్తరు కదా.

సాయంత్రం ఎండ ఇంకా ఉండగానే మొదలుపెట్టాం. పెద్దకొడుకు కాంట్రాక్టరు, ఆయన ఏనుగులా ఆడుతూ వచ్చాడు. తర్వాత కూతురు, తర్వాత ఇంకో కొడుకు. మూడో పేరు అయ్యాక నేను, "అవెరో! ఒకునాదె గారి గారాల కూతురు అవెరో, నీ తండ్రి పిలుస్తున్నాడు, రావమ్మా" అని అందుకున్నాను.

ఎవరూ రాలేదు. నేను మళ్ళీ పిలిచాను. డప్పులవాళ్ళు ముందు గ్రహించారు, చేతులు ఆపేశారు. షామియానా కింద అంతమంది జనం, గ్లాసు చప్పుడు కూడా లేదు. కాంట్రాక్టరు స్టేజీ మెట్ల దాకా వచ్చేశాడు.

"నీకెవరు చెప్పారు ఆ పేరు? మా నాన్నని సాగనంపడానికి పిలిచామా, మా ఇంటికి అరిష్టం తెమ్మని పిలిచామా? ఆరేళ్ళది, నా చిన్నప్పుడే పోయింది. ఆ తర్వాత దాని పేరు ఈ ఇంట్లో ఎవరైనా అనగా నేను వినలేదు."

సుబేరు గారు అప్పటికే కింద బోర్లా పడి దణ్ణాలు పెడుతున్నాడు. నాకేమనిపించిందో చెప్పనా? ఏమీ అనిపించలేదు. మైకు పట్టుకుని నిలబడ్డాను.

అప్పుడు ఆ ముసలాయన భార్య లేచింది. ఎనభై దాటిన మనిషి, మధ్యాహ్నం నుంచి కుర్చీలో కదలకుండా కూర్చుంది. ఇద్దరు మనవరాళ్ళు పట్టుకోబోతే విదిలించుకుంది. కొడుకు దగ్గరికొచ్చి చేత్తో పక్కకి నెట్టింది.

"తప్పుకోరా. నా పిల్లని పిలిచారు. అది రాలేదు, నేను వస్తాను."

ఆడిందక్కా. గిటారు లేదు, డప్పు లేదు, ఉత్త నేల మీద. పాదాలు ఎత్తలేక ఈడుస్తూ ఆడింది. నా దగ్గరికొచ్చి, "ఇంకోసారి పిలువమ్మా, చెవులు సరిగా వినబడవు" అంది. పిలిచాను. "ఇంకోసారి" అంది.

పెద్ద డప్పాయన మెల్లగా మొదలుపెట్టాడు. నేను తర్వాతి పేరు అందుకోవాలి. నోరు తెరిచేలోగా అకాన్బి గిటారు వెనక్కి తోసుకుని నా మైకు దగ్గరికొచ్చాడు. ఎప్పుడూ రాడు. పేర్లు నా పని.

"రొలాకే" అన్నాడు. "అకాన్బి కూతురు, ఇబిదున్ కూతురు రొలాకే. ఐదేళ్ళది. నీ తండ్రి పిలుస్తున్నాడు, రావమ్మా."

జనానికి ముందు అర్థం కాలేదు. బడికి పోతున్న పిల్లని ఈ పిలుపులో ఎందుకు కలిపాడా అని చూశారు. తర్వాత ఆడవాళ్ళు ఒక్కొక్కరే, చావు కబురు విన్నట్టు, తలగుడ్డలు విప్పి ఒళ్ళో పెట్టుకోవడం మొదలుపెట్టారు. ఆయన మళ్ళీ పిలిచాడు. గొంతు పక్కకి పోయింది. పెళ్ళైనప్పటి నుంచి ఆయన శ్రుతి తప్పగా నేను వినలేదు. మూడోసారి పేరు సగంలో ఆగిపోయింది. ఖాళీగా ఉన్న ఆ నేల వైపు చూస్తున్నాడు, అదెక్కడి నుంచైనా వస్తుందన్నట్టు.

నేను మెట్లు దిగాను. ముసలామె చెయ్యి చాచింది, పట్టుకున్నాను. ఇద్దరం ఆడాం. కళ్ళలో నీళ్ళు రాలేదు, అప్పుడూ రాలేదు. ఆవిడ మాత్రం ఏడుస్తూ నవ్వుతూ, "నీదీ ఆడపిల్లేనా? మంచిది, మంచిది, నాదానికి తోడుంటుంది" అంది.

తిరిగొస్తుంటే వ్యానులో సుబేరు గారు, "పెళ్ళిళ్ళు పోయాయి బాబా" అన్నాడు. అకాన్బి, "పోనీ" అన్నాడు. అంతే మాట్లాడుకున్నారు. పోయాయి కూడా. సోమవారమే ఇద్దరు పెళ్ళివాళ్ళు మనుషుల్ని పంపి వద్దన్నారు. కంపెనీ సంతకాల సంగతి వాయిదా వేసింది. ఆదివారం మాత్రం ముక్కూ మొహం తెలియని ఒకావిడ వచ్చి మా గుమ్మంలో కూర్చుంది. ఏం కావాలంటే, "ఏమీ వద్దు. మా వాడి పేరు తున్జి" అంది. అకాన్బి బయటికెళ్ళి ఆవిడ పక్కన కూర్చున్నాడు.

సోమవారం పెట్టె సర్దే ఉంది. తీసుకుని గుమ్మం దాకా వెళ్ళాను. ఆయన ఆపలేదు. "టెలివిజన్లో ఆ మాట అన్నాక, ఇంటికొచ్చి నీ మొహం చూళ్ళేకపోయాను" అన్నాడు. "తెలుసు" అన్నాను. తెలియదు, అయినా అన్నాను. పెట్టె అక్కడే దించి దాని మీద కూర్చున్నాను. చాలాసేపటికి లేచి అన్నం వండాను.

ఆయన మీద కోపం పోలేదక్కా, పోయిందని నువ్వు సంబరపడకు. ఉంటున్నాను, అంతే. ఇకమీద పెళ్ళిళ్ళకి ఎవరూ పిలవకపోతే నీ నీలిమందు కుండల దగ్గరికి ఇద్దరం వస్తాం, ఆయనకీ ఒక మూల చూడు. ఇంత రాశాను గానీ, అసలు రాయాల్సింది ఒకటే మాట. ఏడాదిగా నీకు రాసిన ఏ ఉత్తరంలోనూ రాయలేదు, అది జరిగి, ఆ సంగతి, అంటూ తిప్పి తిప్పి రాశాను. రొలాకే చచ్చిపోయిందక్కా. నా కూతురు చచ్చిపోయింది. ఇప్పుడు ఏడుపొస్తోంది, ఇక రాయలేను.

ఇబిదున్