కడుపుతో ఉన్నవాళ్లకిచ్చే పని

అక్కా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. నీ కూతురు కీర్తి కడుపుతో ఉంది, ఐదో నెల. చిన్నప్పటి ఆయాసం మాత్రం తగ్గలేదు. ఒంగోలు డాక్టరు "వంశపారంపర్యం" అని తేల్చేశాడు. మా వంశంలో ఎవరికుందండీ అని పోట్లాడాను.

కడుపులో బిడ్డకు రోగనిరోధక కణాలు తయారయ్యేటప్పుడు, వాపు పుట్టించే జన్యువుల మీద రసాయన గుర్తులు పడతాయి. ఏ జన్యువు పనిచేయాలో, ఏది ఊరుకోవాలో వాటిని బట్టే. తల్లి పీల్చే దుమ్మూ పొగా ఆ గుర్తుల్ని మార్చగలవు. ఇదంతా చదువుకున్న ఆ డాక్టరు, కీర్తి వాళ్లమ్మ ఏం పని చేసేదని ఒక్క ముక్క అడగలేదు.

ఇంటికొస్తే గుమ్మంలో కూలీల మేస్త్రి. "కీర్తిని మిరపకాయల తొడిమలు తీయడానికి పంపు బాబాయ్, కూర్చుని చేసే పనేగా" అన్నాడు. కసిరి పంపేశాను.

కీర్తి నీ కడుపులో ఉన్నప్పుడు, అదే మాట చెప్పి నిన్ను సైకిలెక్కించుకుని మిరప కల్లంలో దింపొచ్చింది నేనే.