గెయిన్ సగానికి తగ్గించాను

అన్నయ్యకు,

నువ్వు పంపిన డిజిటల్ యాంప్ అందింది. కాన్పయ్యేదాకా మంచం దిగొద్దని డాక్టరమ్మ కట్టడి చేసింది కదా, పడుకునే గిటార్ వాయిస్తున్నాను. మన బ్యాండ్ ఏళ్ల తరబడి వెతికిన ఆ బరువైన మోత పది నిమిషాల్లో దొరికింది. శబ్దాన్ని చీల్చే ఆ గెయిన్ సగానికి తగ్గించి, బేస్ కొంచెం కోసి, మిడ్ పెంచాను, అంతే. హెడ్‌ఫోన్స్‌లో గోడలు కూలుతున్నట్టు ఉంటుంది. పక్కనే కూర్చున్న అత్తయ్యకు మాత్రం తీగల టిక్కుటిక్కు తప్ప ఏమీ వినబడదు. "ఏదో ఒకటిలే, నీకూ పొద్దుపోవాలిగా" అంటారు.

కచేరీకి నా బదులు ఇంకో అమ్మాయిని తీసుకున్నావని మా ఆయన నోరు జారారు. కోపం లేదని రాసి కొట్టేశాను. కొంచెం ఉంది.

ఈ సెట్టింగ్ ఫైలు నీ ఫోన్‌కు పంపాను, ఆ అమ్మాయికివ్వు. కచేరీ రోజు నాకు ఫోన్ చేసి, స్పీకర్ దగ్గర పెట్టు. బయట అదెలా మోగుతుందో నేనింకా వినలేదు.

నీ చెల్లెలు