బావి పక్క పేరులేని లిల్లీ

1934 జూలై 2, సోమవారం. ఉదయం 6 గం.
స్తోత్రం. బావి పక్క మడిలో మూరెత్తు కాడ లేచింది. దాని కొసన ఆరు తెల్లపూలు. సన్నని రేకులు, నిన్న సాయంత్రం నుంచి వాసన. నేను నాటలేదు. వేసవిలో బండితో తోలించిన కొల్లేటి ఒండ్రులో దుంప వచ్చి ఉంటుంది. దయచేసింది, పేరు మాత్రం చెప్పలేదు.
మా మిషను గుడిలో ఆదివారం పూలిచ్చినవారి పేరూ, పూల పేరూ మొదటి కీర్తనకు ముందు చదువుతారు. ఇరవై ఏళ్ళుగా నావి బంతిపూలు. ఎవరూ తల తిప్పి చూడలేదు.
తీర్మానాలు:
1. ఆదివారంలోగా ఈ పువ్వు పేరు కనుక్కోవాలి.
2. వరమ్మను అడగకూడదు.
3. గొంతు పెంచకూడదు.
వరమ్మ నా చెల్లెలు. తాడేపల్లిగూడెంలో ఉంటుంది. ఆకు నలిపి మొక్క పేరు చెప్పగలదు. మూడేళ్ళ క్రితం వచ్చి, అమ్మ నాటిన మల్లెను "ఇలా కొడితే బాగా చిగురిస్తుందక్కా" అంటూ మొదలంటా నరికింది. చిగురించలేదు. "పొరపాటైంది" అనే మాట కూడా చిగురించలేదు. అప్పటి నుంచి ఉత్తరాలు లేవు. నాకేమీ కోపం లేదు. రోజూ ఆమె కోసం ప్రార్థిస్తాను. ముఖ్యంగా ఆమె తప్పు ఆమెకు తెలియాలని.

జూలై 3, మంగళవారం.
పని సులువే! ఇంట్లోనే బి.ఎ. ఉన్నాడు. తమ్ముడు కృపానందం, హైస్కూలు మాస్టరు. కళ్ళజోడు తుడుచుకుని మడి చుట్టూ రెండుసార్లు తిరిగాడు.
"లిల్లీ అక్కా."
"ఏ లిల్లీరా?"
"లిల్లీ అంటే లిల్లీయే. ఇంకా ఏ లిల్లీ ఏమిటి?"
వాడి చదువుకు నాన్న రెండెకరాలు అమ్మాడు.

జూలై 4, బుధవారం. ఉదయం 9 గం.
కొల్లేటి లంక నుంచి చేపల గంపతో మరిడమ్మ వచ్చింది. ఒండ్రు వాళ్ళ వైపుదే కాబట్టి ఆమెకు తెలియాలి. తెలుసు!
"ఇదాండీ! మా గట్ల మీద బోలెడండీ. గేదె కూడా మూతెట్టదండీ."
"పేరేమిటమ్మా?"
"పిచ్చిమొక్కకి పేరేటండీ అమ్మగారూ! పీకేసి సొరపాదు ఎట్టుకోండి, రొయ్యల్లో ఏసుకుందురు."
ఆమె గంపలో రొయ్యలు తాజాగా లేవు. ఆ మాట నేను అనలేదు. మూడో తీర్మానం నిలిచింది.

జూలై 5, గురువారం. సాయంత్రం 5 గం.
గుడి ఉపదేశి యాకోబుగారు వచ్చారు. ఆదివారం పూల పేర్లు చదివేది ఆయనే. చూసీ చూడగానే చేతులు జోడించారు.
"బైబిలు వాక్యంలో 'లోయలలో పుట్టు పద్మము' ఇదేనండీ, ఎలిజబెత్ అమ్మగారూ!"
"అయ్యగారూ, పద్మాలు కొల్లేట్లో చూస్తూనే ఉన్నాం. అవి నీళ్ళలో ఉంటాయి కదండీ."
"ఇక్కడ నీళ్ళలోనండీ. పరిశుద్ధ దేశంలో నేల మీదేనండీ."
ఆయన ఆ దేశం వెళ్ళలేదు. భీమడోలు దాటి వెళ్ళినట్టు కూడా నాకు తెలియదు. రెండు గ్లాసులు కాఫీ తాగి, దీర్ఘంగా ప్రార్థించారు. ఆ ప్రార్థనలో "ఈ ఇంట మాటలు లేని అక్కచెల్లెళ్ళను కలుపుము తండ్రీ" అని ఒక ముక్క. ఆయన్ను అడిగింది పువ్వు గురించి.

జూలై 6, శుక్రవారం.
ఉదయం: చెల్లెలి ఆరోగ్యం విచారించడం వేరు, పువ్వు పేరు అడగడం వేరు. రెండో తీర్మానానికి భంగం లేదు.
10 గం: కార్డు రాశాను. చించాను. వినయం ఎక్కువైంది.
11 గం: రెండో కార్డు. "నేను క్షేమం. నీవు క్షేమమని తలుస్తాను. బావి పక్క ఆరు తెల్లపూలు పూశాయి, రేకులు సన్నం, ఆకు కత్తిలా ఉంది, దుంప జాతి." ఇది కేవలం సమాచారం. ప్రశ్నార్థకం పెట్టలేదు.
12 గం: తపాలాలో వేశాను. ఎండగా ఉంది కాబట్టి గొడుగు పట్టుకుని వెళ్ళాను. ముఖం దాచుకోవడానికి కాదు.

జూలై 7, శనివారం.
రెండు పూలు వాడాయి. తపాలా బంట్రోతు మా వీధిలోకి వచ్చాడు, మా గుమ్మం దాటి వెళ్ళాడు. నాలుగుసార్లు గేటు దాకా నడిచాను. గాలి కోసం.
"ఉత్తరం కోసమా అక్కా?" అన్నాడు కృపానందం.
"నోరు మూసుకో!" అన్నాను.
పక్కింటివాళ్ళు గోడ మీంచి చూశారు. మూడో తీర్మానం సమాప్తం.

జూలై 8, ఆదివారం.
ఉదయం: ఉన్న నాలుగు పూలూ గుడికి ఇచ్చాను. యాకోబుగారు గొంతు సవరించుకున్నారు. "ఎలిజబెత్ అమ్మగారి ఇంటి బావి పక్కన పూసిన పద్మములు." కొల్లేటి వైపు నుంచి వచ్చినవాళ్ళు రెండు బెంచీల నిండా కూర్చున్నారు. మొదట దగ్గారు, తర్వాత దగ్గడం కూడా మానేసి నవ్వారు. ఇరవై ఏళ్ళ తర్వాత అందరూ తల తిప్పి చూశారు. స్తోత్రం.
మధ్యాహ్నం 2 గం: గుమ్మంలో వరమ్మ! చేతిలో నా కార్డు. జుట్టు సగం నెరిసింది.
"గుడి మానేసి వచ్చావుటే?"
"భీమడోలులో బండి అరగంట ఆగింది, అక్కడ ప్రార్థన చేసుకున్నాలే. ఏదీ మొక్క?"
మడి దగ్గర చతికిలబడింది. ఆకు నలిపింది, వాసన చూసింది, కొరికి ఉమ్మేసింది. ఇంకో ఆకు నలిపింది.
"ఏమిటే అది, వరం?"
"తెలీదక్కా."
యాభై ఏళ్ళలో దాని నోట ఆ మాట వినలేదు. మట్టిలో వేళ్ళతో గీతలు గీస్తూ తనే అంది: "మల్లె కొట్టినప్పుడూ నాకు తెలీదక్కా. తెలిసినట్టు కొట్టేశాను. రైలెక్కాక ఏడ్చాను. నీకు రాయడానికి ముఖం చెల్లలేదు."
"లే. అన్నం చల్లారిపోతోంది," అన్నాను. ఇంకా ఏదో అనాలి. నీళ్ళు తోడి దాని చేతుల మీద పోశాను.

జూలై 9, సోమవారం. ఉదయం 7 గం.
మడిలో రెండో కాడ లేచింది. బొటనవేలంత మొగ్గ. వరమ్మ దీన్ని కేసర అనే దుంపమొక్క జాతి అంటుంది. కాదన్నాను. కాఫీకి ముందు ఒకసారి, తర్వాత ఒకసారి పోట్లాడుకున్నాం. తెలీదన్న మాట ఒక్క పూట నిలిచింది.
కొత్త తీర్మానాలు:
1. వచ్చే ఆదివారంలోగా పేరు కనుక్కోవాలి.
2. ఉపదేశిగారికి చూపించకూడదు.
3. గొంతు పెంచకూడదు (వరమ్మ ముందు పెంచితే తప్ప).
మొగ్గ విచ్చేదాకా ఉంటానంది వరమ్మ. విచ్చిన మర్నాడు పొద్దుటి బండికి వెళ్తుందట.
మొగ్గ మీద చెయ్యి పెట్టి ప్రార్థించాను, తొందరపడవద్దని.