మనిషికొక ప్రమిద

బావా,

లేవగానే అల్మారాలోంచి కొత్త ప్రమిదలు రెండు తీసి నీళ్ళల్లో నానబెట్టు. లేకపోతే నూనంతా అవే తాగేస్తాయి. మనింట్లో దీపావళికి మనిషికొక ప్రమిద చాలు, ఆర్భాటాలొద్దు. వత్తులు నేనే చేసి పెట్టాను. నువ్వు చేస్తే తాళ్ళలా వస్తాయి.

నేను వార్డులో డ్యూటీ దిగి వచ్చేదాకా వెలిగించకు. పోయినేడాది ట్యూబ్‌లైటు ఆర్పకుండానే దీపాలు పెట్టావు. పాపం, అవి సిగ్గుతో ముడుచుకుపోయాయి. పండగంటే వెలుగొక్కటే కాదు బావా. ముందు ఆ అమావాస్య చీకట్లో కాసేపు ఊరికే కూర్చోవాలి. గోడలు కరిగిపోయి, పక్క మనిషి ఊపిరొక్కటే వినబడాలి. అప్పుడు లోపల దాచుకున్న భయాలు ఒక్కొక్కటే లేచొచ్చి మన పక్కన కూర్చుంటాయి. వాటికి దారి చూపించి పంపడానికే దీపం.

మొన్న అన్నం తింటుంటే, అనాథాశ్రమంలో చూసిన పాపని తెచ్చి పెంచుకుందామా అని అడిగావు. అంత వెలుతురులో నా ముఖంకేసి చూస్తూ అడిగితే ఏం చెప్పను? లేచి వెళ్ళిపోయానని అప్పట్నుంచీ మూతి ముడుచుకు తిరుగుతున్నావు.

పాలు ఫ్రిజ్‌లో ఉన్నాయి, కాచుకో.

చెప్పులేసుకున్నదాన్ని మళ్ళీ వచ్చి రాస్తున్నాను. ప్రమిదలు రెండు కాదు, మూడు నానబెట్టు.