నీలం మొహం పోస్టరు

ఏవండీ,

గోవాడ మా అక్క దగ్గరికి వెళ్తన్నాను. వంట అయిపోయింది, చారు వేడి చేసుకోండి.

మంచం కింద మీరు దాచిన సినిమా పోస్టర్లని ఎలకలు కొట్టేసేయి. గోడల మీంచి ఊడబెరికి తెచ్చేరు. వెనకాల మైదా జిగురు తుడవమంటే, తుడిస్తే విలువ పోతాదన్నారు. ఆ విలువేటో ఎలకలకే తెలిసింది. గోడ మీదుంటే ఊరంతా చూసేది కదా! ముక్కలు మీరే ఊడ్చుకోండి, నేను ముట్టను.

అన్నట్టు, హీరో మొహం నీలంగా అచ్చయిందని, ఇలాంటిది ఇంకెక్కడా దొరకదని మురిసిపోయేరే, ఆ పోస్టరు బీరువాలో నా పట్టుచీర మడతలో ఉంది. మొన్న మీరు డ్యూటీకెళ్లినప్పుడు తడిగుడ్డతో జిగురంతా తుడిచేసేను. విలువ పోయిందేమో చూసుకోండి.