ఉగ్గుగిన్నె కొన్న సంగతి

రాజంపేట,
మార్చి 1954

ఏమండీ,

అత్తయ్య ఈపాటికి మీకు శుభవార్త రాసి ఉంటారు. అది నిజం కాదు.

మీరు కొత్త రాజధాని కర్నూలులో డేరాల్లో పెట్టిన ఆఫీసుకు పోతూ నాకు తోడుగా వదిలిన కుందేలు మేత మానేసింది. పశువుల డాక్టరు అవిసాకు మెత్తగా నూరి, నీళ్లలో కలిపి, నోటి పక్కనుంచి కొంచెం కొంచెంగా పట్టమన్నాడు. పసిబిడ్డలకు పాలు పట్టే ఉగ్గుగిన్నెకు ముక్కు ఉంటుంది కదా అని కొనడానికి పోయాను.

అంగట్లో గంగాధరం శెట్టి భార్య నవ్వింది. "ఏమ్మా, బిడ్డ పుట్టకముందే కొంటాండావే, దిష్టి తగలదూ? ఎన్నో నెల?" అంది. నేను బదులు చెప్పేలోపలే పక్కవాళ్లను పిలిచింది.

ఆ సాయంత్రం నుంచి ఇంటికి మనుషులు వస్తున్నారు. ఎవరో పల్లెలో ఉన్న అత్తయ్యకు కూడా కబురు పంపారట. ఎదురింటి అనసూయమ్మ పుల్లమామిడికాయలు తెచ్చి, "ఒక్కదానివే ఈడ ఏం వండుకుంటావు, మా ఇంట్లో తిందువు రా" అంది. మీరు పోయినాక అంతవరకు మన గడప తొక్కినవాళ్లు లేరు.

కుందేలు గుటకలు వేస్తోంది. ఈ పొద్దు తనంతట తానే ఒక ఆకు కొరికింది. బతుకుతుంది.

అత్తయ్యకు మీరే నిజం రాయండి. ఈ వీధిలో నేను చెప్తాను. రేపు తల దువ్వడానికి వస్తానంది అనసూయమ్మ. అది అయినాక చెప్తాను.

మీ భార్య