ముడి విప్పని మూట

దుమ్ముగూడెం,
జులై 1987

పద్మావతమ్మగారికి నమస్కారం.

హనుమకొండలో మీ మేడ గదిలో కిరాయికున్న యూనివర్సిటీ అమ్మాయిని. "ఇంట్ల సారా వాసనేంది? జల్దీ ఖాళీ చెయ్యి" అని నన్ను పంపించేశారు. నా గదిలో మీకు దొరికిన మూటలో ఉన్నది సారా కాదండీ, ఎండబెట్టిన ఇప్పపువ్వు. సారా కాసేది ఆ పువ్వుతోనే కాబట్టి ఆ వాసన వస్తుంది. కానీ మా అడవి ఊళ్లలో దాన్ని ఉడకబెట్టుకుని తింటాం. పట్నంలో నేను ఆకలితో పడుకోకూడదని అమ్మ ఏరి, ఎండబెట్టి, తన పాత చీర గుడ్డలో కట్టింది. ఆ రోజు ఇదంతా చెప్పకుండానే పెట్టె తీసుకుని మెట్లు దిగిపోయాను.

గది మళ్లీ అడగను. మీరు విసిరేసిన మూట ఇంకా కట్టెల కొట్టంలోనే ఉంటే ఉంచండి, వచ్చి తీసుకుపోతాను. పువ్వుకు పురుగు పట్టినా పరవాలేదు, ముడి మాత్రం విప్పకండి. ఆ ముడి వేసిన అమ్మను ఈ వేసవిలోనే మట్టి చేశాం.